పాత కార్ల స్వీయ మరమ్మతు

పాత కార్ల స్వీయ మరమ్మతు అంటే కారును షెడ్డుకు పంపకుండా యజమాని గాని, డ్రైవరు గాని సాధారణ పనిముట్లతో లోపాన్ని తానే కనిపెట్టి సరిచేసుకోవడం. ఎలక్ట్రానిక్ నియంత్రణలు రాకముందు తయారైన, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు గల పెట్రోలు కార్లకు ఇది ఎక్కువగా వర్తిస్తుంది. భారతదేశంలో హిందుస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటరు ఉన్న మారుతి 800 ఈ కోవకు చెందిన కార్లు. వీటిలో చాలా భాగాలను కంటితో చూసి, విడదీసి, పరీక్షించవచ్చు. అయితే విడదీయడం తేలిక కాబట్టి, ఏ భాగం చెడిపోయిందో తెలుసుకోకుండానే ఒకదాని తర్వాత మరొకటి మార్చుకుంటూ పోయే అలవాటు కూడా తేలికగానే వస్తుంది. లోపం ఎక్కడుందో ముందు నిర్ధారించుకుని, ఆ తర్వాతే పానా పట్టుకోవడం ఈ పనిలో మొదటి సూత్రం.

== నేపథ్యం ==

మోటారు కార్లు సామాన్యులకు అందిన తొలి రోజుల నుంచే స్వీయ మరమ్మతు మొదలైంది. అమెరికాలో 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కారును రైతులు తమ పొలాల దగ్గరే బాగుచేసుకునేవారు. బ్రిటన్‌లో 1966లో మొదలైన హేన్స్ మాన్యువళ్ళు కారును పూర్తిగా విప్పి తిరిగి బిగించే క్రమాన్ని బొమ్మలతో వివరించి ఈ అలవాటును వ్యాప్తి చేశాయి. 1959 విప్లవం తర్వాత అమెరికా నుంచి విడిభాగాలు అందని క్యూబాలో 1950ల నాటి అమెరికన్ కార్లను స్థానికులే దశాబ్దాల పాటు నడుపుతూ వచ్చారు.

భారతదేశంలో స్వాతంత్ర్యం తర్వాత కార్ల దిగుమతిపై ఆంక్షలు ఉండేవి. తయారీకి ప్రభుత్వ లైసెన్సు అవసరం కావడంతో మార్కెట్లో రెండు మూడు నమూనాలే దొరికేవి. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 మే వరకు ఉత్పత్తిలో ఉంది. ఫియట్ 1100 డిలైట్ ఆధారంగా బొంబాయిలో తయారైన కారు 1970లలో ప్రీమియర్ పద్మిని అయింది. దాని ఉత్పత్తి 2000 ప్రాంతంలో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ముగిసింది.

కొత్త కారు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండవలసిన ఆ రోజుల్లో ఉన్న కారునే ఇరవై, ముప్పై ఏళ్ళు వాడుకునేవారు. దూర ప్రయాణాలలో దారి మధ్య షెడ్డు దొరకదు కనుక టాక్సీ డ్రైవర్లు, ప్రభుత్వ వాహన చోదకులు చిన్న చిన్న మరమ్మతులు తామే నేర్చుకునేవారు. డిక్కీలో స్టెప్నీతో పాటు ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, పాయింట్ల సెట్టు, కండెన్సరు, ఒక డబ్బా నీళ్ళు ఉంచుకోవడం ఆనవాయితీగా ఉండేది.

== ఇంజను పనిచేయడానికి కావలసినవి ==

పెట్రోలు ఇంజను నడవాలంటే నాలుగు విషయాలు సక్రమంగా ఉండాలి.

* ఇంజనును మొదట తిప్పడానికి బ్యాటరీ, సెల్ఫ్ మోటారు
* సరైన సమయంలో, తగినంత బలమైన నిప్పురవ్వ
* సరైన పాళ్ళలో కలిసిన గాలి, పెట్రోలు
* సిలిండరులో తగినంత కంప్రెషన్, అంటే మిశ్రమం బయటకు కారిపోకుండా నొక్కుకుపోవడం

బరువులో సుమారు 15 పాళ్ళ గాలికి 1 పాలు పెట్రోలు కలిస్తే మిశ్రమం పూర్తిగా మండుతుంది. పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం 'రిచ్', తక్కువైతే 'లీన్' అంటారు. ఈ పాళ్ళను కార్బురేటరు నిర్ణయిస్తుంది.

నిప్పురవ్వను పుట్టించేది ఇగ్నిషన్ కాయిల్. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసి ఉన్నంతసేపు కాయిల్ లోపలి ప్రాథమిక చుట్టలో కరెంటు ప్రవహించి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు తెరచుకున్న క్షణంలో ఆ క్షేత్రం కూలిపోయి, రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనం పుడుతుంది. రోటరు దానిని వంతుల వారీగా ఒక్కొక్క ప్లగ్గుకు పంపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరచుకుంటాయి. పాయింట్లు అరిగి, కాలి, తరచూ సర్దుబాటు కోరడానికి కారణం ఇదే. పాయింట్లు తెరచుకున్నప్పుడు వాటి మధ్య మంట రాకుండా కండెన్సరు కాపాడుతుంది.

== పనిముట్లు ==

ఎక్కువ మరమ్మతులకు కింది పనిముట్లు సరిపోతాయి.

* రింగు పానాలు, డబుల్ ఎండ్ పానాలు, ప్లగ్గు పానా. అంబాసిడర్‌లో అంగుళాల కొలత బోల్టులు, పద్మిని, మారుతి 800లలో మిల్లీమీటర్ల కొలత బోల్టులు ఉంటాయి. ఒక కొలత పానాను మరో కొలత బోల్టుకు వాడితే బోల్టు తల మూలలు అరిగిపోతాయి.
* స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లయరు
* సన్నని ఖాళీలను కొలిచే ఫీలర్ గేజి
* 12 వోల్టుల టెస్ట్ లాంపు లేదా మల్టీమీటరు
* కంప్రెషన్ గేజి
* జాకీ, దానితో పాటు బరువు మోసే స్టాండ్లు
* ఆ కారుకు సంబంధించిన తయారీదారు మాన్యువల్

ఈ వ్యాసంలో ఇచ్చిన కొలతలు సాధారణంగా వాడుకలో ఉన్నవి. ఇంజను రకాన్ని బట్టి ఇవి మారుతాయి కనుక మాన్యువల్‌లోని కొలతనే ప్రమాణంగా తీసుకోవాలి.

== ముందు జాగ్రత్తలు ==

స్వీయ మరమ్మతులో అన్నిటికంటే పెద్ద అపాయం కారు కింద పడుకుని పనిచేయడం. జాకీ కారును పైకి ఎత్తడానికి మాత్రమే ఉద్దేశించినది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకు ఎవరూ వెళ్ళరాదు. ఎత్తిన తర్వాత గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. ఇటుకలు బరువుకు హఠాత్తుగా పగిలిపోతాయి కాబట్టి వాటిని ఆధారంగా వాడరాదు.

* ఇంజను నడుస్తున్నప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజను నడిపితే మనిషి స్పృహ తప్పి మరణించవచ్చు.
* బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు.
* విద్యుత్ పనులకు ముందు బ్యాటరీ ఎర్త్ తీగను మొదట విప్పాలి, చివర బిగించాలి. కొన్ని పాత బ్రిటిష్ నమూనాలలో పాజిటివ్ ధ్రువాన్ని ఎర్త్ చేసి ఉంటారు. కనుక ఏ ధ్రువం బాడీకి కలిపి ఉందో చూసుకోవాలి.
* కండువా, చీర కొంగు, వదులు చొక్కా చేతులు ఫ్యాన్‌లో చిక్కుకునే అవకాశం ఉంది.
* పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి.

== లోపాన్ని కనిపెట్టే పద్ధతి ==

ఆగిపోయిన కారులో లోపాన్ని వరుస క్రమంలో వెతకాలి. తేలికైన పరీక్ష ముందు, కష్టమైనది తర్వాత చేయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. రెండు మూడు సర్దుబాట్లు ఒకేసారి చేస్తే ఇంజను బాగుపడినా దేని వలన బాగుపడిందో తెలియదు. మరింత చెడితే వెనక్కు వెళ్ళే దారి ఉండదు. విప్పిన తీగలకు, గొట్టాలకు గుర్తులు పెట్టుకోవడం మంచిది.

=== సెల్ఫ్ తిరగకపోతే ===

ముందుగా హెడ్ లైట్లు వేసి సెల్ఫ్ కొట్టి చూడాలి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా తీగల బిగింపు వదులుగా ఉంది. సెల్ఫ్ మోటారు పట్టుకుపోయినా ఇలాగే జరుగుతుంది. లైట్ల వెలుగు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు సెల్ఫ్ మోటారుకు చేరడం లేదని అర్థం. అప్పుడు స్విచ్చిని, సోలినాయిడ్‌ను, సెల్ఫ్ తీగలను పరీక్షించాలి.

పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టులకు దిగితే అది దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు చూపితే ఛార్జింగు సక్రమంగా ఉన్నట్లు.

కొత్త బ్యాటరీ కొనే ముందు దాని టెర్మినళ్ళను చూడాలి. వాటిపై తెల్లగా, పచ్చగా పేరుకునే పొడి కరెంటును అడ్డుకుంటుంది. వేడినీటిలో తినే సోడా కలిపి కడిగి, ఆరిన తర్వాత బిగించి, పైన వాజిలిన్ గాని గ్రీజు గాని రాయాలి. ఇంజనుకు, బాడీకి మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మంచి బ్యాటరీని పాతసామానుకు వేసి, కొత్త బ్యాటరీతోనూ అదే ఇబ్బంది పడేవారు ఎక్కువగా మరచిపోయేది ఈ పట్టీనే.

=== సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోకపోతే: నిప్పురవ్వ ===

ఒక ప్లగ్గును విప్పి, దాని తీగను మళ్ళీ తగిలించి, ప్లగ్గు లోహపు భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. తీగను రబ్బరు పట్టు ఉన్న ప్లయరుతో పట్టుకోవాలి. చుట్టుపక్కల పెట్రోలు కారి ఉండకూడదు. ప్లగ్గు కొనల మధ్య నీలి రంగు రవ్వ స్పష్టంగా వస్తే నిప్పుకు సంబంధించిన భాగాలు పనిచేస్తున్నాయి. పసుపు రంగు రవ్వ వస్తే అది బలహీనం.

రవ్వ లేకపోతే డిస్ట్రిబ్యూటరు మూత తీసి కింది వరుసలో చూడాలి.

# మూత లోపల తేమ ఉందా? వర్షాకాలంలో, నీళ్ళు నిలిచిన రోడ్డు దాటిన తర్వాత ఆగిపోయే కార్లలో ఇది సర్వసాధారణం. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.
# మూతలో గాని, రోటరులో గాని వెంట్రుక వంటి నల్లని గీత ఉందా? ఉంటే ఆ దారిలో కరెంటు దొంగతనంగా పోతున్నది. ఆ భాగాన్ని మార్చాలి.
# ఇంజనును తిప్పినప్పుడు పాయింట్లు తెరచుకుంటున్నాయా? పూర్తిగా తెరచుకున్నప్పుడు ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ముఖాలు కాలి ఉంటే సన్నని ఆకురాయితో శుభ్రం చేసి, ఖాళీ సర్దాలి.
# టెస్ట్ లాంపు ఒక కొసను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్ళే చివరకు, రెండవ కొసను ఎర్త్‌కు కలిపి సెల్ఫ్ కొట్టించాలి. లాంపు వెలుగుతూ ఆరుతూ ఉంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. అసలే వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లు ఎర్త్‌కు తగిలి ఉన్నాయి. ఆరకుండా వెలిగితే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా వాటి ముఖాలు మురికి పట్టాయి.

కొత్త పాయింట్లు కొద్ది రోజులకే కాలిపోతుంటే లోపం పాయింట్లలో కాక కండెన్సరులో ఉందని అనుమానించాలి.

=== నిప్పు ఉండి పెట్రోలు అందకపోతే ===

కార్బురేటరు దగ్గర పెట్రోలు గొట్టాన్ని విప్పి, దాని కొసను ఒక సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. ఇంజను బాగా చల్లారిన తర్వాతే ఈ పరీక్ష చేయాలి. పెట్రోలు ఆగి ఆగి బలంగా చిమ్మితే పంపు పనిచేస్తున్నది. రాకపోతే వరుసగా ట్యాంకులో పెట్రోలు, ఫిల్టరు, గొట్టాల బిగింపులు, పంపు చూడాలి. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో చెప్పడానికి పాత కారులోని మీటరును నమ్మలేము. ఇంజను కదలికతో పనిచేసే ఈ పంపును మెకానిక్కులు 'ఏసీ పంపు' అంటారు. దానిలోని పల్చని డయాఫ్రం చిరిగితే పెట్రోలు బయటకు కారడమో, ఇంజను ఆయిలులో కలవడమో జరుగుతుంది. డిప్ స్టిక్ మీది ఆయిలు పలచబడి పెట్రోలు వాసన వేస్తే ఇంజను నడపరాదు.

కారు కొంతదూరం పోయి ఆగి, కాసేపటికి మళ్ళీ నడుస్తుంటే ట్యాంకు మూతను వదులు చేసి చూడాలి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు ఖాళీ అయిన చోట గాలి చేరక ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతుంది. రూపాయి ఖర్చు లేని ఈ లోపానికి పంపును, కార్బురేటరును మార్చినవారు ఉన్నారు.

పెట్రోలు కార్బురేటరు వరకు వచ్చి ఇంజను అందుకోకపోతే జెట్లలో మురికి చేరి ఉండవచ్చు. జెట్లను గాలితో ఊది శుభ్రం చేయాలి. తీగతో గాని, సూదితో గాని పొడిస్తే రంధ్రం పెద్దదై ఆ తర్వాత ఎప్పుడూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. దీనికి విరుద్ధంగా పెట్రోలు పొంగి కారుతుంటే ఫ్లోటు గదిలోని సూది వాల్వు ఇరుక్కుని ఉంటుంది. ఫ్లోటు గదిని పానా పిడితో మెల్లగా తడితే చాలాసార్లు వదులుతుంది. ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోతే చోక్ వాడకుండా, యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి.

=== కంప్రెషన్ ===

నిప్పు, పెట్రోలు రెండూ ఉన్నా ఇంజను అందుకోకపోయినా, బలం తగ్గిపోయినా కంప్రెషన్ పరీక్ష చేయాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు తొక్కి పట్టి, ఒక్కొక్క సిలిండరు పీడనాన్ని గేజితో కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం మించకూడదు.

తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి తిరిగి కొలవాలి. పీడనం బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మాత్రమే తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఈ చిన్న పరీక్ష ఇంజను మొత్తం విప్పాలా, హెడ్ ఒక్కటే దించితే చాలా అన్నది తేలుస్తుంది. ఖర్చులో ఈ రెండిటికీ చాలా తేడా ఉంటుంది.

== ప్లగ్గులు, పొగ, చప్పుళ్ళు ==

ఇంజను లోపలి స్థితిని బయటనుంచి తెలిపే గుర్తులు కొన్ని ఉన్నాయి.

* ప్లగ్గు కొన లేత గోధుమ లేదా బూడిద రంగు: ఇంజను ఆరోగ్యంగా ఉంది.
* పొడి నల్లని మసి: మిశ్రమం రిచ్‌గా ఉంది, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయింది.
* జిడ్డు నలుపు: ఆయిలు సిలిండరులోకి వస్తున్నది.
* సున్నం వంటి తెలుపు, బొబ్బలు: మిశ్రమం లీన్‌గా ఉంది, లేదా ఇంజను అతిగా వేడెక్కుతున్నది.
* సైలెన్సరు నుంచి నీలి పొగ: ఆయిలు మండుతున్నది. నల్ల పొగ: పెట్రోలు ఎక్కువ. వేడెక్కిన తర్వాత కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ: రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుతున్నది.

ఇంజను 'మిస్సింగ్' ఇస్తుంటే నడుస్తున్నప్పుడు ఒక్కొక్క ప్లగ్గు తీగను వంతున తీసి చూస్తారు. తీగ తీసినప్పుడు ఇంజను వేగం తగ్గితే ఆ సిలిండరు పనిచేస్తున్నది. ఏ తీగ తీసినా తేడా రాని సిలిండరు పనిచేయనిది. తీగలు మళ్ళీ తగిలించేటప్పుడు వరుస తప్పరాదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనులో నిప్పు వరుస 1-3-4-2. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గల కార్లలో ఈ పరీక్ష చేస్తే విద్యుత్ భాగాలు పాడవుతాయి.

ఇంజను పైభాగంలో టకటక చప్పుడు వస్తే ట్యాపెట్ల ఖాళీ పెరిగి ఉంటుంది. ఎనిమిది వాల్వులున్న అంబాసిడర్ ఇంజనుకు మెకానిక్కులు తొమ్మిది లెక్కను వాడుతారు. ఒక వాల్వు పూర్తిగా తెరచుకుని ఉన్నప్పుడు దాని సంఖ్యను 9 నుంచి తీసివేయగా వచ్చిన వాల్వు పూర్తిగా మూసుకుని ఉంటుంది. 1వది తెరచి ఉంటే 8వదాని ఖాళీని, 3వది తెరచి ఉంటే 6వదాని ఖాళీని సర్దాలి. ఖాళీ మరీ తగ్గిస్తే చప్పుడు ఆగుతుంది కాని వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. చప్పుడు లేకపోవడం బాగున్నదనడానికి గుర్తు కాదు.

== ఇంజను వేడెక్కడం ==

తెలుగు ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత చాలా చోట్ల 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కనుక వేడెక్కడం పాత కార్లకు ప్రధాన సమస్య. రేడియేటరులో నీరు తగ్గడం, ఫ్యాన్ బెల్టు వదులు కావడం, థర్మోస్టాట్ ఇరుక్కుపోవడం, హోస్ పైపులు చీలడం, రేడియేటరు మూత పాడవడం ముఖ్య కారణాలు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు 10 నుంచి 13 మిల్లీమీటర్లు లోపలికి పోతే బిగింపు సరిగా ఉన్నట్లు.

రేడియేటరు మూత నీటిని పీడనంలో ఉంచి, అది 100 డిగ్రీలకు మరగకుండా ఆపుతుంది. వేడి ఇంజనుపై మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పోయి నీరు ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను చల్లారే వరకు మూత తీయరాదు. చల్లారకముందే చన్నీరు పోస్తే హెడ్, బ్లాకు బీటలు వారవచ్చు.

బోరు నీటిలోని లవణాలు రేడియేటరు గొట్టాలలో సున్నపు పెచ్చుగా పేరుకుని దారిని మూసివేస్తాయి. ఇంట్లో వేడినీళ్ళ గిన్నె అడుగున పట్టే పొర వంటిదే ఇది. అందువలన డిస్టిల్డ్ వాటరులో కూలెంట్ కలిపి వాడడం మంచిది.

వేడికి సంబంధించిన మరొక ఇబ్బంది 'వేపర్ లాక్'. ఎండలో నడిపిన కారును ఆపినప్పుడు ఇంజను వేడికి పంపులోను, గొట్టంలోను పెట్రోలు ఆవిరి అవుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు కాని ఆవిరిని నెట్టలేదు. అప్పుడు బానెట్టు తెరచి, పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగితే ఆవిరి తిరిగి ద్రవమై కారు నడుస్తుంది. ఇందులో ఏ భాగమూ చెడిపోలేదు కనుక దేనినీ మార్చనవసరం లేదు.

== బ్రేకులు ==

ఇంజను ఆగిపోతే కారు రోడ్డు మీద నిలిచిపోతుంది. బ్రేకు పోతే కారు నిలవదు. అందువలన ఇంజను విషయంలో ప్రయత్నించి చూడడానికి ఉన్న వెసులుబాటు బ్రేకుల విషయంలో లేదు.

* పెడల్ మెత్తగా, స్పంజిలాగా ఉంటే గొట్టాలలో గాలి చేరింది.
* తొక్కి పట్టినప్పుడు పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండరు కప్పులు అరిగాయి, లేదా ఎక్కడో ఆయిలు కారుతున్నది.
* బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగితే ఒక చక్రం సరిగా పట్టడం లేదు. లైనింగుకు ఆయిలు, గ్రీజు అంటి ఉండవచ్చు.

పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే హైడ్రాలిక్ మార్గం ఉండేది. ఏ ఒక్క చక్రం దగ్గర గొట్టం తెగినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి బ్రేక్ ఆయిలు మట్టం తగ్గితే పైన పోసి ఊరుకోకుండా, ఎక్కడ కారుతున్నదో కనిపెట్టే వరకు కారు నడపరాదు.

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాటు రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. సాధారణంగా రెండేళ్ళకు ఒకసారి ఆయిలును పూర్తిగా మార్చాలి. అందులో ఇంజను ఆయిలు ఒక్క చుక్క పోసినా రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి.

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టగా, మరొకరు చక్రం దగ్గరి నిప్పిల్‌ను వదులు చేసి, గాలి బుడగలతో కూడిన ఆయిలును గొట్టం ద్వారా సీసాలోకి వదిలి, తొక్కినవారు కాలు తీయకముందే బిగించాలి. మాస్టర్ సిలిండరుకు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. స్టీరింగు కుడివైపు ఉన్న కార్లలో అది సాధారణంగా వెనుక ఎడమ చక్రం. పని ముగిశాక పెడల్ గట్టిగా ఉందని చూసుకుని, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పరీక్షించిన తర్వాతే రోడ్డెక్కాలి.

== విడిభాగాలు ==

ఉత్పత్తి ఆగిన కార్లకు విడిభాగాలు పాతసామాను బజార్లలో దొరుకుతాయి. చెన్నైలోని పుదుపేట, కోల్‌కతాలోని మల్లిక్ బజార్ ఇందుకు పేరుపొందాయి. తెలుగు ప్రాంతాలలో విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాదు రాణిగంజ్ వాహన విడిభాగాలకు, మరమ్మతులకు కేంద్రాలు. వాడిన భాగాలలో డైనమో, కార్బురేటరు బాడీ, తలుపులు, అద్దాలు వంటివి పరిశీలించి కొనుక్కోవచ్చు. బ్రేకు కప్పులు, హోస్ పైపులు, స్టీరింగు జాయింట్లు మాత్రం కొత్తవే వాడాలి.

== ఇంధనంలో మార్పులు ==

ఈ కార్లు తయారైన కాలానికీ నేటికీ పెట్రోలు మారింది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలునే విక్రయిస్తున్నారు. సీసం వాల్వు కూర్చునే చోటుకు రక్షణ పొరగా పనిచేసేది. అది లేకపోవడంతో కొన్ని పాత ఇంజన్లలో ఆ చోటు అరిగి, ట్యాపెట్ల ఖాళీ తగ్గిపోతుంది. అటువంటి ఇంజన్లకు హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు సీట్లు వేయిస్తారు.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును ఉబ్బించి పగిలేటట్లు చేస్తుంది. కనుక పాత కార్లలో పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లను ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చుకోవాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వలన మిశ్రమం కొంత లీన్ అవుతుంది. నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీరు చేరి తుప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది. వేడి ఇంజనుపై పెట్రోలు కారితే మంటలు రేగుతాయి కాబట్టి, ఈ గొట్టాల తనిఖీ నేడు పాత కారు యజమాని చేయవలసిన మొదటి పని.

== పరిమితులు ==

2000 ప్రాంతం నుంచి కఠినమైన ఉద్గార ప్రమాణాలు రావడంతో కార్బురేటరు స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. ఆ కార్లలో లోపాలను చదవడానికి ప్రత్యేక పరికరం కావాలి. పాత కార్లలో కూడా క్రాంకు షాఫ్టు గ్రైండింగు, సిలిండరు బోరింగు, హెడ్ ఫేసింగు, ఛాసిస్ వెల్డింగు వంటివి యంత్రాలున్న వర్క్‌షాపులోనే చేయించాలి. స్టీరింగు భాగాల పని అనుభవం లేనివారు చేపట్టరాదు.

భారతదేశంలో సొంత వాడుక కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తర్వాత సామర్థ్య పరీక్షలో నెగ్గితే ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ రుసుములు బాగా పెరిగాయి. భారత్ స్టేజ్-2 కంటే ముందు తయారైన పెట్రోలు కార్ల పొగలో ఐడ్లింగులో కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించరాదు. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటరు సక్రమంగా సర్దిన ఇంజను ఈ పరీక్షలో నెగ్గగలదు. ఈ విధంగా క్రమబద్ధమైన స్వీయ మరమ్మతు ఖర్చును తగ్గించడంతో పాటు, పాత కారు చట్టబద్ధంగా, సురక్షితంగా రోడ్డు మీద కొనసాగడానికి తోడ్పడుతుంది.

== ఇవి కూడా చూడండి ==

* అంబాసిడర్ కారు
* మారుతి 800
* కార్బురేటరు
* స్పార్క్ ప్లగ్గు
* అంతర్దహన యంత్రం